మోషే చెప్పిన చప్పుడు

ఖాజాగూడ చెరువుకు పోయే దారిలో మోషే షెడ్డు ఉండేది. షెడ్డంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. నాలుగు రేకులు, కారు కిందికి దిగి పని చేసుకోవడానికి ఒక గొయ్యి, గోడకు వేలాడే పానాలు, వాటి పక్కన చర్చివాళ్ల క్యాలెండరు, అంతే. బోర్డు కూడా లేదు, దాని అవసరమూ ఎప్పుడూ పడలేదు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే పెద్ద షోరూముల్లో, కంప్యూటరు తగిలించినా దొరకని చప్పుళ్లను పట్టుకుని హైటెక్ సిటీ ఉద్యోగులు ఇక్కడికే వచ్చేవారు.

మోషే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ఇంజన్ నడుస్తుండగా మూరెడు పొడవు స్క్రూడ్రైవరు, అదే పేచ్‌కస్, కొనను ఒక్కో చోట ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్లు మూసుకునేవాడు. అప్పుడిక వీధిలో ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఎదురుగా చాయ్ అమ్మే గంగమ్మ బుస్సుమనే స్టవ్వును కట్టేసేది. ఎవరూ పెట్టిన నియమం కాదది, దానంతట అదే వచ్చిన మర్యాద. కాసేపటికి మోషే కళ్లు తెరిచి ఒకే ఒక్క మాట చెప్పేవాడు. బేరింగ్ అనో, టాపెట్లనో, వాటర్ పంపనో. ఇరవై ఏళ్లలో ఆ మాటను అతను మార్చింది లేదు, విన్నవాళ్లు ఎదురు ప్రశ్న వేసిందీ లేదు.

అసలు సంగతేమిటంటే, ఈ కథ జరిగేనాటికి మోషేకు ఆ చెవి లేదు.

రెండేళ్ల కిందట డిసెంబరులో, తెలంగాణ ఇస్తామని ఢిల్లీ ప్రకటించిన రాత్రి, ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. మోషే కూడా పిల్లాడిలా గంతులేశాడు. ఎవరో వెలిగించిన సుతిలీ బాంబు అతని కుడి చెవి పక్కనే పేలింది. వెలిగించిందెవరో తెలియదు, ఎవరి మీదా అతనికి కోపమూ లేదు. అంత సంతోషంలో ఎవరు మాత్రం చూసుకుంటారు? రెండు వారాలు తిరక్కుండానే ఢిల్లీ తన మాట తాను మింగేసింది. మోషే కుడి చెవి మాత్రం పోయింది పోయినట్టే ఉంది. ఎడమ చెవిలో సన్నటి ఈల ఒకటి మొదలై, పగలూ రాత్రీ మోగుతూనే ఉంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాటలు అందుతాయి. ఫోనులో సగం అందుతాయి. ఇంజన్ కడుపులో ఏం జరుగుతోందో మాత్రం అందదు. నరం దెబ్బతింది, ఇక బాగయ్యేది కాదు అని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నది మోషే, అతని భార్య లీదియా, ఇద్దరే.

లీదియా గచ్చిబౌలిలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. ఒంగోలు పిల్ల. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా ఆ 'అండి' ఆమెను వదల్లేదు. "జనానికి చెప్పేయండి, పోనీ వేరే పని చూసుకుందాం" అని మొదట్లో చాలా పోరింది. "ఏం పని జేస్తనే నేను? నాకొచ్చిందే ఇది" అని మోషే అరిచేవాడు. ఎందుకంత అరుస్తున్నాడో ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాట మీదే అతను మనిషిగా నిలబడి ఉన్నాడు. అది పోతే ఖాజాగూడలో అతన్ని పిలిచి కుర్చీ వేసేవాళ్లుండరు. అందుకే తర్వాత తర్వాత ఆమె పోరడం మానేసింది.

అప్పట్నుంచి మోషే నెట్టుకొస్తున్నాడు. ఇంజన్ మూతల మీద అరచేయి పెట్టి అదురును బట్టి పోల్చుకునేవాడు. వచ్చినవాళ్లను తెలివిగా ప్రశ్నలడిగేవాడు. పొద్దున వస్తదా, ఎండ పడ్డంక వస్తదా? ఎత్తెక్కేటప్పుడా, దిగేటప్పుడా? వాళ్లు చెప్పిన వివరాలనే కాసేపు పేచ్‌కస్ నాటకమాడి, ఒక్క మాటగా తిరిగి వాళ్లకే ఇచ్చేవాడు. మోషే అన్నకు ఈమధ్య మాటలెక్కువయ్యాయని జనం నవ్వుకున్నారు తప్ప, ఎవరికీ అనుమానం రాలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తున్న రోజులవి. బస్సుల్లేవు. బొగ్గు గనులు మూతపడి కరెంటు పూటకోసారి పోతోంది. అలాంటి ఒక శనివారం పొద్దున, గంగమ్మ బల్ల మీది గ్లాసులు కదిలేంత మోతతో శివశంకర్ కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది.

శివశంకర్‌ది నానక్‌రామ్‌గూడ. వాళ్ల నాన్న దున్నిన మూడెకరాల మీద ఇప్పుడు ఇరవై అంతస్తుల మేడ నిలబడి ఉంది, దాని గేటు దగ్గర కాపలావాడు శివశంకర్‌ను ఆపి ఎవరు కావాలని అడుగుతాడు. భూమి తాలూకు సొమ్ము తలా ఇంత పంచుకోగా శివశంకర్ చేతికొచ్చిందంతా ఈ కారులోకే పోయింది. ఉత్త పాత పెట్రోల్ కారు. దానికి బొంబాయి నుంచి టర్బో తెప్పించాడు, చేయి దూరేంత సైలెన్సర్ గొట్టం వేయించాడు. ఇంజన్ కింది రబ్బరు దిమ్మలు పీకించి, ఇంజన్ కదలకుండా గట్టివి బిగించాడు. ఐదేళ్లుగా ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నాడు. పిచ్చి అంటారు జనం. నాన్న పొలాన్ని కూడా ఇలాగే చూసుకునేవాడు, అప్పుడెవరూ పిచ్చి అనలేదు.

"అన్నా, వారం సంది ఏందో కొడ్తుంది" అన్నాడు శివశంకర్, దిగుతూనే. "రేస్ ఇచ్చినప్పుడు జర ఎక్కువొస్తుంది. రేపు ర్యాలీల మా బండే ముందుండాలె, జెండా గట్టుకొని. రింగ్ రోడ్డు మీద ఒక్కసారన్న ఫుల్లుగ తియ్యాలె. తియ్యొచ్చా వద్దా, నువ్వు జెప్పు."

"ఎట్ల కొడ్తుంది?" అని అడిగాడు మోషే, అలవాటైన దారిలోనే.

"ఎట్లంటే... కొడ్తుందన్న. నాకేం తెలుస్తది? నువ్వే ఇనాలె."

అక్కడే ఆ దారి మూసుకుపోయింది.

ఇలాంటి కొట్టుడు రెండు చోట్ల నుంచి రావచ్చు. ఇంజన్ పైభాగంలో టాపెట్లుంటాయి. వాటి సందు పెరిగితే టకటకమంటాయి, సందు సరిచేస్తే పోతుంది, చేయకపోయినా కొంపలేమీ మునగవు. రెండోది కింద. పిస్టన్‌ను తిప్పే రాడ్డు దగ్గర బేరింగ్ అరిగితే వచ్చే చప్పుడు. అదే అయితే ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు, రాడ్డు విరిగి ఇంజన్‌ను చీల్చుకుని బయటికొస్తుంది. రెంటికీ తేడా, గాజు గ్లాసును తట్టడానికీ తలుపును గుద్దడానికీ ఉన్నంత. చెవున్నవాడికి అది తేడానే కాదు. ఒకప్పటి మోషే చాయ్ చప్పరిస్తూ చెప్పేసి ఉండేవాడు.

పేచ్‌కస్ తీశాడు. గంగమ్మ స్టవ్వు కట్టేసింది. మోషే కళ్లు మూసుకుని పిడిని ఎడమ చెవి వెనక నొక్కాడు. ఈల. అది తప్ప ఏమీ లేదు. కొనను కిందికి జరిపాడు, పక్కకు జరిపాడు. ఈల. అరచేయి పెట్టి చూశాడు. మామూలు బండి అయితే చేతికి ఏదో ఒకటి చెప్పేది. ఈ బండికి రబ్బరు దిమ్మలు పీకేశారు కదా, బానెట్టు నుంచి తలుపుల దాకా అంతా ఒకే తీరుగా అదురుతోంది. చేయి కూడా చెవిటిదైపోయింది. 

ఇంజన్ నూనె కొలిచే పుల్ల లాగి చూశాడు. బేరింగ్ అరిగితే నూనెలో మెరుపు పొడి కనిపించాలి. నూనె తేనె రంగులో శుభ్రంగా ఉంది.

"నిన్ననే మార్పిచ్చిన" అన్నాడు శివశంకర్ గర్వంగా.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. ప్లగ్గుల తీగలను ఒకదాని తర్వాత ఒకటి పీకుతూ పోవాలి. ఏ సిలిండర్ తీగ పీకినప్పుడు కొట్టుడు తగ్గుతుందో, ఆ సిలిండర్ బేరింగే పోయినట్టు. ఏది పీకినా తగ్గకపోతే టాపెట్లు. తగ్గిందో లేదో చెప్పడానికి మళ్లీ చెవి కావాలి. మోషే ఒక ఎత్తు ఆలోచించాడు. తీగలు పీకేది తను, వినేది శివశంకర్. వాడికి తెలియకుండానే వాడి మొహం చూసి పోల్చుకోవచ్చు.

ఒకటో తీగ పీకి తలెత్తాడు. శివశంకర్ మోషే మొహం వైపే చూస్తున్నాడు. రెండో తీగ పీకాడు. శివశంకర్ రెప్ప వేయకుండా అలాగే చూస్తున్నాడు. మూడోది పీకాడు, నాలుగోది పీకాడు. ఆ మొహంలో ఏ మార్పూ లేదు. వాడు ఇంజన్‌ను వినడమే లేదు. మోషే అన్న వింటుంటే ఇంకొకరు వినడమెందుకని, వాడి ధ్యాసంతా మోషే మొహం మీదే పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు మగాళ్లు, మధ్యన నడుస్తున్న ఇంజన్, వినేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"ఏమైనా ఫరక్ వచ్చిందా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. గంగమ్మ చూస్తోంది. చాయ్ తాగుతున్న నలుగురూ గ్లాసులు పట్టుకుని నిశ్శబ్దంగా ఎదురు చూస్తున్నారు. పోనీ ఇంజన్ కింది నూనె గిన్నె విప్పి చూద్దామంటే అది రెండు రోజుల పని, అయినా చెవి పెట్టి చెప్పలేక విప్పి చూసేవాళ్లను ఇన్నేళ్లూ వెక్కిరించింది తనే. మోషే ఇంజన్ ఆపించాడు.

"టాపెట్లు" అన్నాడు.

వీధి ఊపిరి పీల్చుకుంది. గంగమ్మ స్టవ్వు అంటించింది. శివశంకర్ నవ్విన నవ్వు చూసి, తను చెప్పింది నిజమే కావచ్చని మోషే కూడా కాసేపు నమ్మాడు.

మధ్యాహ్నం దాకా కూర్చుని టాపెట్ల సందు శ్రద్ధగా సరిచేశాడు. నిజం చెప్పాలంటే అవి కొంచెం వదులుగానే ఉన్నాయి, అదో ధైర్యం. మూత బిగించి స్టార్ట్ చేయమన్నాడు. శివశంకర్ రేస్ ఇచ్చాడు, తల వంచి విన్నాడు, నుదురు ముడిపడింది.

"ఇంకా జర వస్తున్నట్టుంది గదన్నా?"

ఇప్పుడైనా చెప్పేయొచ్చు. ఇంతకన్నా మంచి సందు దొరకదు.

"నాకైతే ఇనబడ్తలేదు" అన్నాడు. పచ్చి నిజం. అంత నిజాన్ని అంత అబద్ధంగా అతనెన్నడూ వాడుకోలేదు.

శివశంకర్ మళ్లీ విన్నాడు. చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "నీకే ఇనబడ్తలేదంటే లేనట్టేనన్న. వారం సంది ఇదే ఫికర్ల ఉన్న గద, నా చెవులల్లనే మోగుతున్నట్టుంది" అని నవ్వి, బండి తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం లీదియా ఆసుపత్రి నుంచి నడిచి వచ్చింది. చెప్పులు విడవకముందే అడిగింది.

"ఏవండీ, శివశంకర్ కారు మన షెడ్డుకి వచ్చిందా?"

"వచ్చింది. బాగ జేసి పంపిన."

"మధ్యాహ్నం భోజనానికని బయటికొస్తే, గేటు ముందు నించే వెళ్లింది. లోపల ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టుందండి. అలా ఉండొచ్చా?"

చర్చిలో పాట ఎత్తుకునేది లీదియానే. యాభై మంది పాడుతుంటే ఎవరి గొంతు శ్రుతి దిగిందో చూపించగలదు. ఆమె పిడికిలి అందంటే పిడికిలే.

"టకటక కాదా?" అని మెల్లగా అడిగాడు.

"కాదు. బరువుగా ఉంది." ఆమె అతని మొహం చూసింది. ఇక అడగాల్సిన పని లేకపోయింది. "ఇప్పుడే వెళ్లి చెప్పండి. లేదా ఫోను కలపండి, నేను చెబుతాను. మీ చెవి సంగతి ఎత్తను, బండి తీయొద్దని మాత్రం చెబుతాను."

"నువ్వు జెప్తే మోషే పెండ్లాం జెప్పిందంటరు. పొద్దున నేనే పోత" అన్నాడు.

ఆ రాత్రి అన్నం తినలేదు. నిద్రా పోలేదు. పిరికితనానికి ఎన్ని సాకులు దొరుకుతాయో నిద్రపట్టక పడుకున్నవాడికే తెలుస్తుంది. లీదియా పొరబడి ఉండొచ్చు. శివశంకర్‌కే మళ్లీ వినిపించి, భయపడి ఆపేసి ఉండొచ్చు. ర్యాలీ కదా, మెల్లగానే నడుపుతాడేమో. తెల్లవారింది. ఆదివారం. సాకుల్లో చివరిది చర్చి, దానిక్కూడా వెళ్లొచ్చాడు. ప్రార్థనలో అందరూ కూర్చున్నాక కూడా తనొక్కడే నిలబడి ఉంటే, లీదియా చొక్కా అంచు పట్టి లాగింది.

ఆమె మళ్లీ చెప్పలేదు. బయటికొచ్చాక స్కూటరు తాళం తీసి చేతిలో పెట్టింది.

రోడ్ల మీద వంటావార్పు జరుగుతోంది. నడి రోడ్డున రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెల్లో పులిహోర, మైకుల్లో పాటలు, గులాల్. ఎవరో మోషేను ఆపి విస్తరి చేతిలో పెట్టబోయారు. శివశంకర్ బండి ఎటు పోయిందని అడిగాడు. రింగ్ రోడ్డు వైపు చేయి చూపించారు. ఏదో చెప్పారు కూడా, మైకుల మోతలో అతనికి అందలేదు. వాళ్ల మొహాల్లో మాత్రం నవ్వు లేదు.

నానక్‌రామ్‌గూడ దాటాక, రోడ్డు పక్కన శివశంకర్ కారు కనిపించింది. బానెట్టు తెరిచి ఉంది. జెండా అలాగే కట్టి ఉంది. కారు కింద నుంచి వంద గజాల వెనక దాకా నూనె చారిక సాగింది. ఆ నూనెలో ఎండకు వెండి పొడి మెరుస్తోంది. ఇంజన్ పక్క గోడలో పిడికిలి దూరేంత కన్నం, అందులోంచి విరిగిన రాడ్డు ముక్క బయటికి చూస్తోంది. మూడో సిలిండర్. ఇప్పుడు చూసి చెప్పడానికి చెవి అక్కర్లేదు.

శివశంకర్ డివైడరు మీద కూర్చుని ఉన్నాడు. బానెట్టు తెరవగానే వేడి నూనె చిమ్మి కాలిన ముంజేతికి తువ్వాల చుట్టుకున్నాడు. మోషేను చూడగానే లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనన్న" అన్నాడు, ఎవరూ అడగకముందే. "పొద్దుగాల నుంచి ఇనబడ్తనే ఉండె. నువ్వు లేదన్నంక కూడ ఇనబడ్తుందంటే నా భ్రమ అనుకున్న. ర్యాలీల వచ్చినోళ్లంత నిన్ను అంటుంటే ఊకోలే. మోషే అన్న మాట తప్పైతదా, నేనే లిమిటు లేకుండ తీసిన, అని జెప్పిన." తువ్వాల బిగించుకున్నాడు. "మా నాయిన చెల్క పోయినప్పుడు గూడ ఇట్ల ఏడ్వలేదన్న నేను."

తిట్టి ఉంటే మోషే తట్టుకునేవాడు. పట్టుకుని నాలుగు తన్నినా తట్టుకునేవాడు. ఆ కాలిన చేత్తోనే వాడు తన తరఫున వాదించాడని తెలిశాక అతను రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

"నాకు ఇనబడదు, శివా."

"ఏందన్న?"

"చెవులు పోయినయి. నిన్న నాకేం ఇనబడలే. అందాజకు జెప్పిన."

శివశంకర్ అతని రెండు చెవుల వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఎప్పటిసంది?"

"రెండేండ్లాయె."

శివశంకర్ కారు వైపు తిరిగాడు. కోపం వస్తుందని మోషే ఎదురు చూశాడు, రావాలని కోరుకున్నాడు కూడా. శివశంకర్ తిరిగి చూసినప్పుడు ఆ కళ్లల్లో కోపం లేదు, భయం ఉంది.

"అన్నా" అన్నాడు మెల్లగా. "మరి ఈ రెండేండ్ల మంచిగున్నయని పంపిన బండ్లు?"

ఆ ప్రశ్న మోషే తనకు తాను ఒక్కనాడూ వేసుకోలేదు. తన పరువు ఒక్కటే తిరుగుతోంది ఇన్నాళ్లూ అతని బుర్రలో. ఇప్పుడు ఆ బండ్లన్నీ ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. హఫీజ్‌పేట్ చంద్రయ్య ఆటో. గోపన్‌పల్లి పాల బండి. పోయిన నెలలో రాములు తెచ్చిన స్కూలు వ్యాను. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టక్కుమంటుందన్నాడు రాములు. చేయి పెట్టి చూసి, ఏం కాదు తీస్కపో అన్నాడు మోషే. చక్రాన్ని పట్టి ఉంచే కీలు అరిగి వచ్చిన చప్పుడే అయితే, వేగంలో చక్రమే ఊడిపోతుంది.

"రాములుకు ఫోన్ చెయ్యి" అన్నాడు. "స్కూళ్లు బందున్నయి గద. వ్యాన్ ఇంటికాడనే ఉంటది. తియ్యొద్దని జెప్పాలె."

శివశంకర్ ఎడమ చేత్తో నంబరు నొక్కి ఫోను అతనికిచ్చాడు. మోషే ఎడమ చెవికి గట్టిగా అదుముకుని అరిచాడు. "రాములూ, నేను మోషేను. నీ వ్యాను తియ్యకు. నేను జెప్పింది తప్పు. ముందు చక్రం సూపియ్యాలె. ఇంటున్నవా?"

అటు నుంచి ఏదో మాట, దాని వెనక చాలా గొంతులు కలిసి చేసే గోల. ఈలలో కలిసిపోయి ఒక్కటీ విడివడలేదు. మోషే ఫోను శివశంకర్ చెవికి పెట్టాడు. శివశంకర్ విన్నాడు, "ఆగు రాములన్న, నిజంగ" అని రెండుసార్లు అన్నాడు. తర్వాత చేయి దించాడు.

"ఏమన్నడు?"

"నవ్వుతుండు" అన్నాడు శివశంకర్. "మజాక్ జెయ్యకుండ్రి, మోషే అన్న ఒకసారి జెప్పినంక మాట మార్సడు, అంటుండు. వ్యాన్ల ఆడోళ్లను, పిల్లలను ఎక్కించుకొని వంటావార్పుకు వస్తుండట. రింగ్ రోడ్డు ఎక్కిండట."

"మల్ల చెయ్యి."

శివశంకర్ మళ్లీ చేశాడు. రాములు ఎత్తలేదు.